పక్కా ఇల్లు ఇచ్చినా బస్తీవాసులు ఎందుకు తిరిగి వచ్చేస్తున్నారు?

ప్రశ్న
అడిగినవారు: నగరపాలన అభ్యాసి

నేను నగర ప్రణాళికలో స్నాతకోత్తర విద్య చదువుతున్నాను. పెరుగుతున్న నగరాల్లో మురికివాడలను తొలగించినప్పుడు అక్కడివారి జీవితాల మీద పడే ప్రభావం గురించి ఒక పత్రం రాయవలసి ఉంది. రెండు నెలలుగా చదువుతున్నాను గానీ ఒక ముడి మాత్రం విడటం లేదు.

రేకుల కప్పు, మట్టి నేల, నలభై కుటుంబాలకు ఒకటే కుళాయి ఉన్న చోటి నుంచి తీసుకువెళ్లి, కాంక్రీటు కప్పు, సొంత మరుగుదొడ్డి, కరెంటు మీటరు ఉన్న ఇల్లు ఇస్తే ఆ కుటుంబం పరిస్థితి మెరుగుపడాలి. కానీ పునరావాస కాలనీల గురించిన నివేదికల్లో పదే పదే ఒక విషయం కనిపిస్తున్నది. ఇల్లు వచ్చినవారిలో చాలామంది దాన్ని అద్దెకు ఇచ్చో, కాగితం మీద లేని అమ్మకం చేసో, తాళం వేసుకునో నగరం నడిబొడ్డునే మరో గుడిసెలో ఉంటున్నారు. మా తరగతిలో కొందరు దీన్ని దురాశ అంటున్నారు, కొందరు అలవాటు అంటున్నారు. రెండూ నాకు అతికినట్టు లేవు.

మరోవైపు అందరూ సింగపూరును చూపిస్తారు. 1961 మే 25న బుకిట్ హో స్వీ అనే గుడిసెల వాడ కాలిపోయి సుమారు 16,000 మంది నిలువ నీడ కోల్పోతే, అంతకు ముందు సంవత్సరమే ఏర్పడిన గృహనిర్మాణ మండలి వారికి ఫ్లాట్లు కట్టి ఇచ్చింది. తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో ఆ నగరంలో గుడిసెలు దాదాపుగా కనిపించకుండా పోయాయి. అక్కడ నడిచిన పద్ధతి ఇతర నగరాల్లో ఎందుకు నడవలేదు? తప్పు తొలగింపులో ఉన్నదా, తొలగించిన తీరులో ఉన్నదా? క్షేత్రంలో పనిచేసినవారు, ఈ అనుభవం ఉన్నవారు వివరంగా చెబితే కృతజ్ఞుడను.


సమాధానం 1
రాసినవారు: క్షేత్ర పరిశోధకురాలు

అభ్యాసి గారూ, మీరు పాత ఇంటిని కొత్త ఇంటితో పోల్చారు. మారవలసి వచ్చిన కుటుంబం ఆ పోలికలో మరో అంశాన్ని కూడా వేసుకుంటుంది. ఇల్లు ఎక్కడ ఉన్నదన్నదే ఆ అంశం. బస్తీలో పెరిగిన ఏ గృహిణిని అడిగినా ఈ లెక్క వేళ్ల మీద చెబుతుంది.

నాలుగిళ్లలో పనిచేసే ఒక స్త్రీని తీసుకోండి. పొద్దున్న నాలుగిళ్లూ ముగించి, మధ్యాహ్నం గుడిసెకు వచ్చి వంట చేసి, పసిబిడ్డకు పెట్టి, సాయంత్రం మళ్లీ అవే ఇళ్లకు వెళ్లి అంట్లు తోముతుంది. ఇదంతా కుదరడానికి కారణం ఆ ఇళ్లు పది నిమిషాల నడకలో ఉండటమే. ఆమెను ఇరవై కిలోమీటర్ల అవతలికి పంపితే మధ్యలో ఇంటికి వచ్చే వీలు పోతుంది, బిడ్డను ఎవరికో అప్పగించాలి, ఆఖరి బస్సు వేళకు సాయంత్రం పని వదులుకోవాలి. నాలుగిళ్లు రెండవుతాయి. ఆ తగ్గిన రాబడిలోంచే బస్సు చార్జీలు, కరెంటు బిల్లు, నీటి బిల్లు, కాలనీ నిర్వహణ రుసుము కట్టాలి. గుడిసెలో ఉన్నప్పుడు ఆమె ఖర్చులు ఏ రోజు చేతిలో ఎంత ఉంటే అంతకు ఒదిగేవి. ఇప్పుడు నెల తిరిగేసరికి తప్పక కట్టవలసిన మొత్తం ఒకటి వచ్చి కూర్చున్నది, కానీ రాబడి మాత్రం రోజుకూలిగానే మిగిలింది.

రోజుకూలీల సంగతి ఇంకా కఠినం. పనికి మనుషులను ఎంచుకునే మేస్త్రీ పొద్దున్న ఏడు గంటలకే కూలీల అడ్డా నుంచి వెళ్లిపోతాడు, అరగంట ఆలస్యమైనవాడికి ఆ రోజు లేనట్టే. చిత్తు కాగితాలు, ప్లాస్టిక్ ఏరుకుని బతికే కుటుంబానికి సరుకు వేరు చేసి పోగు పెట్టుకోవడానికి నేల మీద జాగా కావాలి, ఆరో అంతస్తులో అది దొరకదు. ఇంటి ముందు అరుగు మీద చిన్న కొట్టు పెట్టుకున్నవారికి, మిషను కుట్టుకునేవారికి, తోపుడుబండిని రాత్రిపూట గుమ్మానికి గొలుసు వేసి కట్టుకునేవారికి గుడిసె ఇల్లూ పనిశాలా గోదామూ అన్నీ తానే. ఫ్లాటు నమూనా గీసేవారు దాన్ని పడకగదిగా, వంటగదిగా మాత్రమే చూస్తారు.

దురాశ అనే వివరణకు గట్టి జవాబు అహ్మదాబాదులో దొరుకుతుంది. 1987లో అక్కడ మురికివాడల్లో ఉండేవారికి నగరం అంచున మెరుగైన ఇళ్లకు మారే అవకాశాన్ని లాటరీ ద్వారా ఇచ్చారు. లాటరీ కాబట్టి గెలిచినవారికీ గెలవనివారికీ ముందే ఉన్న తేడాలంటూ పెద్దగా లేవు. అందువల్ల తరువాత కనిపించిన తేడాను ఇంటికే ఆపాదించవచ్చు. పద్నాలుగేళ్ల తరువాత బార్న్‌హార్ట్, ఫీల్డ్, పాండే అనే ముగ్గురు ఆర్థికశాస్త్రజ్ఞులు వారిని వెతికి చూశారు. 2017లో ఆ అధ్యయనం అచ్చయింది. గెలిచినవారిలో 34 శాతం మంది ఆ ఇంట్లోకి ఎన్నడూ మారనే లేదు, మరో 32 శాతం మంది కొంతకాలం ఉండి వదిలేశారు. కుటుంబ ఆదాయంలో గానీ పిల్లల స్థితిగతుల్లో గానీ గెలవనివారితో పోలిస్తే మార్పు కనిపించలేదు. బంధువులకు, కులంవారికి దూరమయ్యామని, కష్టకాలంలో ఆదుకునేవారు తగ్గారని మాత్రం వారు చెప్పారు. ఇక్కడ బుల్డోజరు లేదు, పోలీసులు లేరు, ఇష్టమైతేనే వెళ్లవచ్చు. అయినా మూడింట రెండు వంతుల మంది ఆ ఇంటిని నిలుపుకోలేదు.

ఆదుకునేవారు తగ్గడమనే మాటను తేలికగా తీసుకోవద్దు. అర్ధరాత్రి ఆసుపత్రికి పరుగెత్తవలసి వస్తే చేబదులు ఇచ్చేది పక్కింటివారే. తల్లి పనికి వెళితే బిడ్డను చూసేది, ఫలానా చోట పని ఉందని కబురు చెప్పేది, తాగి వచ్చిన భర్త చేయి ఎత్తితే అడ్డుపడేది కూడా వారే. వీటన్నిటికీ బజారులో వెల ఉంది, బస్తీలో మాత్రం పరస్పర సహాయంగా నడిచిపోతాయి. కొత్త ఇళ్ల కేటాయింపులో అవినీతి జరగకూడదని అధికారులు చీటీలు తీస్తారు, ఆ ఉద్దేశం మంచిదే. కానీ ఆ చీటీలే ముప్పై ఏళ్లు పక్కపక్కన బతికినవారిని ముప్పై వేర్వేరు బ్లాకులకు విసిరేస్తాయి. పది కుటుంబాలు ఒక జట్టుగా పేరిచ్చి, చీటీ జట్టుకు పడేలా చేస్తే నిజాయితీకి భంగం రాదు, ఇరుగుపొరుగూ నిలుస్తుంది. ఇంత చిన్న మార్పు చేయించడానికి కూడా చాలాచోట్ల ఏళ్ల తరబడి తిరగవలసి వస్తున్నది.

పిల్లల విషయంలో సాంటియాగో ఉదాహరణను మీ పత్రంలో తప్పక చేర్చండి. 1979 నుంచి 1985 వరకు చిలీ సైనిక ప్రభుత్వం ఆ నగరంలో మురికివాడలను పెద్ద ఎత్తున తొలగించింది. కొన్ని వాడల్లో కుటుంబాలకు ఉన్నచోటనే ఇళ్లు కట్టి ఇచ్చారు, మరికొన్నింటి వారిని నగరం అంచులకు పంపి అక్కడ ఇళ్లు ఇచ్చారు. రెండు వర్గాలకూ సొంత ఇల్లు దక్కింది, తేడా అది ఉన్న చోటులో ఉంది. రోహస్-అంప్వేరో, కరేరా అనే పరిశోధకులు ఆ పిల్లల జీవితాలను పెద్దయ్యేవరకు అనుసరించి చూస్తే, దూరం పంపిన కుటుంబాల పిల్లలు ఉన్నచోటనే ఉండిపోయినవారి కంటే సుమారు 10 శాతం తక్కువ సంపాదిస్తున్నారని, సగం సంవత్సరం తక్కువ చదువుకున్నారని తేలింది. తల్లిదండ్రుల తరంతోనే ఆ నష్టం ముగియలేదన్న మాట.

నిర్వాసితుల గురించి జీవితమంతా పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త మైకేల్ సెర్నియా స్థానభ్రంశం వల్ల కలిగే దరిద్రానికి ఎనిమిది ముప్పులు గుర్తించాడు. భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సమాజంలో అంచుకు నెట్టబడటం, తిండికి భరోసా లేకపోవడం, రోగాలు పెరగడం, ఉమ్మడి వనరులు అందకపోవడం, మనుషుల మధ్య అల్లిక విడిపోవడం అని. ఎనిమిదింటిలో ఇల్లు ఒకటి. పునరావాస పథకాలు చాలావరకు ఆ ఒక్కదానికే జవాబు చెప్పి దస్త్రం మూసేస్తాయి.


సమాధానం 2
రాసినవారు: విశ్రాంత మునిసిపల్ ఇంజనీరు

పరిశోధకురాలి గారి వాదనలో నిజం ఉంది. అయితే మూడు దశాబ్దాలు మురుగునీటి విభాగంలో పనిచేసినవాడిగా ఇంకో పక్కను చెప్పకపోతే చర్చ ఒంటి కాలి మీద నిలబడుతుంది.

కొన్ని చోట్ల మనుషులు ఉండకూడదు. వరద కాలువ గర్భంలో, కొండచరియ కింద, హైటెన్షన్ తీగల కింద, రైలు పట్టాలకు మూరెడు దూరంలో ఉన్న గుడిసెలను ఉన్నచోటనే బాగు చేయడమనేది మాటలకు బాగుంటుంది. 2017 ఆగస్టులో సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్‌లో కొండ విరిగి పడినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. 1953 క్రిస్మస్ రాత్రి హాంకాంగ్‌లోని షెక్ కిప్ మేలో గుడిసెలు అంటుకుంటే ఒక్క రాత్రిలో యాభై వేల మందికి పైగా నిరాశ్రయులయ్యారు. మురుగు పైపు వేయడానికి వాలు కావాలి, మ్యాన్‌హోల్ శుభ్రం చేయడానికి యంత్రం లోపలికి రావాలి, అగ్నిమాపక వాహనం మలుపు తిరగాలి. నాలుగు అడుగుల సందులో వీటిలో ఏదీ కుదరదు. కనీసం కొన్ని ఇళ్లయినా జరగనిదే మిగతావారికి సౌకర్యం రాదు.

ఇది చెప్పిన నోటితోనే ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. ప్రమాదస్థలం అనే ముద్రను మేము అందరికీ ఒకే కొలతతో వేయలేదు. నేను పనిచేసిన చోట కాలువ ఒక గట్టున గుడిసెలు తొలగించిన ఏడాదే, రెండో గట్టున బఫరులోకి, అంటే కాలువ పక్కన ఖాళీగా వదలవలసిన జాగాలోకి, చొచ్చుకువచ్చిన అపార్టుమెంట్లకు జరిమానా కట్టించుకుని క్రమబద్ధీకరణ పత్రాలు ఇచ్చారు. నీటికి రెండు గట్లూ ఒకటే. ఆ దస్త్రం మీద నా సంతకం కూడా ఉంది, అందుకే ఆ మాట చెప్పే అర్హత నాకుంది.

కొత్త కాలనీకి స్థలం ఎలా ఎంపిక అవుతుందో బయటివారికి తెలియదు. పనికి దగ్గర, బడికి దగ్గర అనే గడి ఆ పట్టికలో ఉండదు. ప్రభుత్వ భూమి వివాదం లేకుండా ఎక్కడ ఉన్నదో చూస్తారు, అది సహజంగానే నగరం చివర ఉంటుంది. ఒక్కో ఇంటికి అయ్యే ఖర్చులో భూమి విలువ సున్నా అని రాసుకుంటే పథకం చవకగా కనిపిస్తుంది. ఆ తరువాత అక్కడికి నీటి పైపులైను ఒక శాఖ వేయాలి, బస్సు ఒక సంస్థ నడపాలి, బడి మరో శాఖ కట్టాలి, ఆసుపత్రి ఇంకో శాఖ పెట్టాలి. ఈ ఖర్చులన్నీ వేర్వేరు దస్త్రాల్లో, వేర్వేరు సంవత్సరాల్లో పడతాయి గనుక వాటిని ఎవరూ కూడి చూడరు. తాళంచేతులు ఇచ్చే సభ మాత్రం ముందే జరిగిపోతుంది, నీళ్ల ట్యాంకర్లు ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటాయి. చవక భూమి చివరకు చవక కాదని మా విభాగంలో అందరికీ తెలుసు.

సింగపూరు గురించి అడిగారు. అక్కడ నిర్వాసితుల్లో చాలామందికి ఏడాది తిరగకముందే, కాలిపోయిన చోటనో దానికి దగ్గరలోనో ఫ్లాట్లు సిద్ధమయ్యాయి. ఆ కాలంలోనే జురాంగ్‌లో పారిశ్రామికవాడ మొదలై పనులు పెరిగాయి. నగరం మొత్తం చిన్న ద్వీపం కనుక దూరమన్నా ఒక హద్దు ఉంటుంది. 1966లో చేసిన భూసేకరణ చట్టం వల్ల నగరం నడుమ భూమి కూడా తక్కువ పరిహారంతో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఈ నాలుగూ లేనిచోట ఫ్లాటు నమూనాను ఒక్కదాన్నే ఎత్తుకొచ్చి అదే ఫలితం రావాలని కోరుకోవడం, వంతెన బొమ్మ చూసి పునాది లేకుండా కట్టడంలాంటిది.


సమాధానం 3
రాసినవారు: ఒకప్పటి నిర్వాసితుడు

మీ అందరి మాటలూ చదివాను. నాకు పదకొండేళ్లప్పుడు మమ్మల్ని తరలించారు. ఊరి పేరు చెప్పను, ఈ కథకు దానితో పని లేదు.

మొదట గుర్తొచ్చేది తేదీ. వార్షిక పరీక్షలకు ఆరు వారాల ముందు తరలించారు. కొత్త చోట బడి లేదు, పాత బడికి రెండు బస్సులు మారాలి. నేను మగపిల్లవాణ్ని కాబట్టి నన్ను పంపారు. మా అక్క తొమ్మిదో తరగతి చదువుతున్నది, చీకటి పడ్డాక బస్సు దిగి కిలోమీటరున్నర నిర్మానుష్యమైన దారిలో రావడానికి మా నాన్న ఒప్పుకోలేదు. ఆమె చదువు అక్కడితో ఆగింది. ఏ సర్వేలోనూ ఇది తరలింపు వల్ల జరిగిన నష్టంగా నమోదై ఉండదు, చదువు మానడానికి కారణం అనే గడిలో "ఇంటి పనులు" అని రాసి ఉంటారు.

అమ్మ కుట్టుపని చేసేది. ఆమెకు బట్టలిచ్చే ఇరవై ముప్పై ఇళ్లు పాత బస్తీ చుట్టూ ఉండేవి. మిషను మాతో వచ్చింది, ఆ ఇళ్లు రాలేదు. కొత్త కాలనీలో ప్రతి రెండో ఇంట్లో మిషను ఉంది, కుట్టించుకునేవారు లేరు. తాతకు నాలుగో అంతస్తు వచ్చింది. మొదటి ఏడాదిలోనే లిఫ్టు ఆగిపోయింది, దాన్ని బాగుచేసే బాధ్యత నివాసుల సంఘానిదా గృహనిర్మాణ శాఖదా అన్నది తేలనే లేదు. ఆయన ఆఖరి మూడేళ్లు కిటికీలోంచే లోకాన్ని చూశాడు. వీధిలో అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవారిని పలకరించడమే ఆయన పని అని మాకు అప్పుడు తెలిసింది.

అయితే ఒక విషయంలో నేను నిజం చెప్పాలి. మేము తిరిగి వెళ్లలేదు. ఇంట్లో స్నానాలగది ఉండటం మా అమ్మకు, అక్కకు ఎంత పెద్ద సంగతో బయట తెరచాటున స్నానం చేసినవారికే తెలుస్తుంది. వాన వస్తే రాత్రంతా గిన్నెలు మార్చే పని పోయింది. పన్నెండు పదమూడేళ్లకు మా కాలనీ చుట్టూ ఊరు పెరిగింది, బస్సులు వచ్చాయి, తమ్ముడు ఆ కాలనీ ఎదుటే మొబైల్ రిపేరు దుకాణం పెట్టాడు. ఇప్పుడు ఎవరైనా వచ్చి చూస్తే పథకం విజయవంతమైందని రాసుకుని వెళతారు. మధ్యలోని ఆ పన్నెండేళ్లను ఎలా తట్టుకున్నామో, తట్టుకోలేక మా వరుసలోని ఎన్ని ఇళ్లు చేతులు మారాయో వారికి కనిపించదు. నిలబడగలిగినవాళ్లం కాబట్టి నేను ఇక్కడ రాస్తున్నాను. వెళ్లిపోయినవాళ్లు ఏమయ్యారో నాకే తెలియదు.


ప్రశ్న అడిగినవారి స్పందన

మీ అక్కగారి విషయం చదివాక మా పత్రంలోని ప్రశ్నావళిని మార్చుకోవాలని నిర్ణయించుకున్నాను. కృతజ్ఞతలు. ఇప్పటివరకు చర్చ అంతా ఇల్లు వచ్చినవారి గురించే జరిగింది. అసలు జాబితాలో పేరు ఎక్కనివారు, ముఖ్యంగా గుడిసెల్లో అద్దెకు ఉండేవారు ఏమవుతారు? చట్టం వారిని ఎలా చూస్తుంది?


సమాధానం 4
రాసినవారు: న్యాయవాది

దేశాన్ని బట్టి చట్టం మారుతుంది. నాకు బాగా తెలిసిన భారతదేశం గురించి ఎక్కువగా, ఇతర దేశాల గురించి క్లుప్తంగా చెబుతాను.

1985లో ఓల్గా టెల్లిస్ వర్సెస్ బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, బతుకుతెరువు హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణ కింది జీవించే హక్కులో భాగమని చెప్పింది. పేవ్‌మెంటు మీద ఉండేవారు అక్కడ ఉండటానికి కారణం పని దగ్గరగా ఉండటమేనని, అక్కడి నుంచి తొలగిస్తే ఆ పనే పోతుందని కోర్టు గుర్తించింది. పరిశోధకురాలి గారు పైన వేసిన లెక్క, ధర్మాసనం వేసిన లెక్క ఒకటే. కానీ ఈ తీర్పును పొగిడేవారు రెండో సగం చదవరు. నోటీసు ఇచ్చి, వాదన విని, వానాకాలం అయ్యాక తొలగించవచ్చని కూడా ఆ తీర్పే చెప్పింది. ప్రత్యామ్నాయ స్థలం ఇచ్చాకే తొలగించాలని అందరి విషయంలో షరతు పెట్టలేదు. 2000లో అల్మిత్రా పటేల్ కేసులో అదే న్యాయస్థానం, ఆక్రమణదారుకు ఉచితంగా స్థలం ఇవ్వడాన్ని జేబుదొంగకు బహుమతి ఇవ్వడంతో పోల్చింది. 2010లో సుదామా సింగ్ కేసులో, 2019లో అజయ్ మాకెన్ కేసులో ఢిల్లీ హైకోర్టు గాలిని మళ్లీ ఇటు తిప్పింది. ముందుగా సర్వే చేసి, అర్హులను గుర్తించి, వారితో సంప్రదించాకే తొలగింపు మాట ఎత్తాలన్నది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతలకు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసినప్పుడు బస్తీల్లో చాలామంది ఊరట పడ్డారు. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు మార్గం పక్కన, నదులు, నీటివనరుల దగ్గర ఉన్న అనధికార కట్టడాలకు ఆ మార్గదర్శకాలు వర్తించవని అదే ఉత్తర్వులో ఉంది. మురికివాడలు ఎక్కువగా ఉండేది ఆ చోట్లలోనే.

ఇక జాబితా సంగతి. అర్హతకు ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. ముంబయిలో ఉచిత ఇంటికి మొదట 1995 జనవరి 1ని, తరువాత 2000 జనవరి 1ని గీతగా పెట్టారు, ఆపైన 2011 వరకు వచ్చినవారికి డబ్బు కట్టించుకుని ఇచ్చే వీలు కల్పించారు. గీత జరిగినప్పుడల్లా నిన్నటి ఆక్రమణదారు ఈనాటి లబ్ధిదారు అవుతాడు, అందుకే గీతకు అవతల ఉన్నవారు కూడా కదలకుండా వేచి చూస్తారు. ఆ తేదీకి ముందు నుంచి ఉంటున్నామని నిరూపించే కాగితాలు కావాలి. వరదలో తడిసిపోయిన, మంటల్లో కాలిపోయిన, గత కూల్చివేతలో మట్టిలో కలిసిపోయిన కాగితాలను మళ్లీ తెమ్మంటారు. నా దగ్గరకు వచ్చే కేసుల్లో సగం ఈ కాగితాల గోలే.

అద్దెకు ఉండేవారు ఈ మొత్తం వ్యవహారంలో మొదటి నుంచి లేనట్టే లెక్క. చాలా పథకాల్లో కట్టడానికి ఒక ఇల్లు చొప్పున ఇస్తారు, అది గుడిసె యజమానికి పోతుంది. ఆ గుడిసెలోనే చిన్న గదిలో ఎనిమిదేళ్లుగా అద్దె కడుతున్న కుటుంబానికి రసీదు ఉండదు, ఒప్పంద పత్రం ఉండదు. కూల్చివేత రోజున వారికి పరిహారం లేదు, ట్రక్కులో చోటు కూడా లేదు. మీ ప్రశ్నలో, నగరం నడిబొడ్డున మరో గుడిసెలో కనిపించేవారందరినీ కాలనీ వదిలి తిరిగి వచ్చినవారిగానే లెక్కేశారు. వారిలో కొందరు అసలు కాలనీ ముఖమే చూడని అద్దెదారులు. ఈ రెండు వర్గాలను కలిపి లెక్కిస్తే మీ పత్రం తప్పుదారి పడుతుంది.

అంతర్జాతీయంగా చూస్తే, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల మీద ఐక్యరాజ్యసమితి కమిటీ 1991లో తగిన నివాసానికి ఉండవలసిన లక్షణాలను చెబుతూ వాటిలో చోటును కూడా చేర్చింది. పని, బడి, వైద్యం అందే చోట ఉంటేనే అది తగిన నివాసం. 1997లో బలవంతపు తొలగింపుల మీద విడిగా వ్యాఖ్యానం ఇచ్చి, తొలగింపు వల్ల ఎవరూ నిరాశ్రయులు కాకూడదన్నది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2008లో ఒలీవియా రోడ్ కేసులో, తొలగించబోయే ముందు ఆ నివాసులతో నగరపాలక సంస్థ అర్థవంతంగా చర్చించి తీరాలన్నది. ఇలాంటి మాటలకు బలం లేనిచోట ఏమవుతుందో 2005లో జింబాబ్వే చూపించింది. అక్కడ నగరాలను శుభ్రం చేసే పేరుతో జరిపిన కూల్చివేతల వల్ల సుమారు 7 లక్షల మంది ఇల్లో, జీవనాధారమో, రెండూనో కోల్పోయారని ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి నివేదిక అంచనా వేసింది.


సమాధానం 5
రాసినవారు: క్షేత్ర పరిశోధకురాలు

ఇంజనీరు గారు చెప్పిన ప్రమాదస్థలాల విషయంలో నాకు పేచీ లేదు. కాకపోతే కాలువ గర్భంలో ఉన్న అరవై ఇళ్లను చూపించి వెనకనున్న ఆరువందల ఇళ్లనూ తీసేస్తున్నప్పుడు ఆ వాదన అరవైకే చెల్లుతుందని చెప్పవలసి వస్తుంది. ఆ అరవై కుటుంబాలకు కూడా అదే వాడలో, గట్టుకు ఎగువన చోటు వెతకడం చాలాసార్లు సాధ్యమే.

సందు వెడల్పు గురించి మాత్రం కరాచీలోని ఒరంగీ అనే పెద్ద బస్తీ అనుభవాన్ని ఆయన ముందు ఉంచుతాను. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ అనే సామాజిక కార్యకర్త అక్కడ మొదలుపెట్టిన పనిలో, ఒక్కో సందులోని ఇరవై ముప్పై ఇళ్లవారు తామే డబ్బు వేసుకుని, తామే మనుషులను పెట్టుకుని సందు మురుగు పైపు వేసుకున్నారు. పెద్ద కాలువలు, శుద్ధి కేంద్రాలు ప్రభుత్వం పని, ఇంటి నుంచి సందు చివరి వరకు తమ పని అని పంచుకున్నారు. అన్ని సందులకూ ఇది పనికిరాకపోవచ్చు గానీ, అసాధ్యమని రాసేముందు పరీక్షించవలసిన సంగతి. జకార్తాలో 1969 నుంచి నడిచిన కాంపుంగ్ (బస్తీ) పథకం ఇళ్ల జోలికి పోకుండా బాటలు, నీరు, మురుగు కాలువల మీద ఖర్చు పెట్టింది. ఇక తీసేయరన్న నమ్మకం కుదిరాక ఇళ్లను వారే బాగు చేసుకున్నారు. బ్యాంకాక్‌లో భూమిని పంచుకునే పద్ధతి ఒకటి వచ్చింది. రోడ్డు వైపున్న విలువైన ముక్కను భూయజమానికి వదిలి, వెనక ముక్కలో నివాసులు దగ్గర దగ్గరగా ఇళ్లు కట్టుకుంటారు. 2003లో థాయిలాండ్ మొదలుపెట్టిన బాన్ మన్‌కాంగ్ పథకంలో రుణం విడివిడి కుటుంబాలకు కాకుండా పొదుపు సంఘానికి ఇస్తారు. ఒక నెల ఒకరు కట్టలేకపోతే సంఘం సర్దుకుంటుంది. నేను మొదటి సమాధానంలో చెప్పిన నెలవారీ బిల్లుల చిక్కుకు ఇది కొంతవరకు జవాబు.

వీటికీ లోపాలున్నాయి. వాడ బాగుపడితే అద్దెలు పెరుగుతాయి, న్యాయవాది గారు చెప్పిన అద్దెదారులే మళ్లీ ముందు వెళ్లిపోతారు. ఉన్నచోటనే బహుళ అంతస్తులు కట్టే పద్ధతిలో దూరం సమస్య తీరుతుంది గానీ, మిగిలిన స్థలాన్ని అమ్ముకోవడానికి బిల్డరు పునరావాస బ్లాకులను ఒకదానికొకటి ఆనించి కడతాడు. ముంబయిలోని కొన్ని పునరావాస భవనాల్లో వెలుతురు, గాలి ఆడని కింది అంతస్తుల్లో క్షయ ఎక్కువగా ఉందని పరిశోధకులు గుర్తించారు.

నిర్వాసితుడు గారు చెప్పిన పన్నెండేళ్లే ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తున్నవి. పథకాలు తాళంచేతులు ఇచ్చిన రోజును కొలుస్తాయి, అధ్యయనాలు పదిహేనేళ్ల తరువాతి స్థితిని కొలుస్తాయి. మనుషులు జారిపోయేది మధ్యకాలంలో. అందుకే అభ్యాసి గారూ, మీ పత్రానికి ఒక పని సూచిస్తాను. తరలించి ఒకటి, మూడు, ఐదు సంవత్సరాలైన మూడు కాలనీలను ఎంచుకోండి. కేటాయింపు జాబితా సంపాదించండి. తలుపు తట్టి "మీరు అసలు లబ్ధిదారులేనా" అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు, చెప్పవలసిన అవసరమూ వారికి లేదు. దానికి బదులు పేర్లు తీసేసిన కరెంటు మీటరు రీడింగులు బ్లాకుల వారీగా విద్యుత్ సంస్థను అడగండి. నెలల తరబడి సున్నా దగ్గర ఆగిన మీటర్లు, ఉన్నట్టుండి వాడకం మారిపోయిన మీటర్లు ఏ సంవత్సరంలో ఎక్కువగా ఉన్నాయో చూస్తే, కుటుంబాలు ఎప్పుడు చేతులెత్తేశాయో బయటపడుతుంది. ఆ తరువాత పొద్దున్న ఐదింటికి ఆ కాలనీ బస్టాపులో వారం రోజులు నిలబడండి. మొదటి బస్సు ఎక్కేవారిలో స్త్రీలెందరో, వారు ఎక్కడ దిగుతున్నారో రాసుకోండి. ఆదివారాన్ని కూడా వదలకండి, ఇళ్లలో పనిచేసేవారికి సెలవు ఉండదు.